కొండ లేని చోట కొండ – ఒక రోలర్ కోస్టర్ ఎలా పుట్టింది?



ఎవరెస్టు శిఖరం అనగానే మన హాస్టల్లో అందరికీ గుర్తొచ్చే పేరు మలావత్ పూర్ణ. నిజామాబాదు జిల్లా పాకాల ఊరి గిరిజన అమ్మాయి. మనలాగే గురుకులంలో చదువుకుంది. పద్నాలుగేళ్లు ఇంకా నిండకుండానే, 2014 మే 25న, ఖమ్మం వైపు అబ్బాయి సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కేసింది. ఆ శిఖరం ఎత్తు 8,848.86 మీటర్లు.

అయితే ఎవరెస్టు పేరు పెట్టుకున్న ఇంకో కొండ కూడా ఉంది. అది అమెరికా దేశంలో ఫ్లోరిడా రాష్ట్రంలో ఉంది. దాని ఎత్తు దాదాపు 61 మీటర్లే. దాన్ని ఎవరూ కాళ్ళతో ఎక్కరు. బండిలో కూర్చుంటే చైను పైకి లాక్కుపోతుంది. తరువాత బండి కిందికి దూకుతుంది. జనం కెవ్వుమని అరుస్తారు, దిగాక మళ్ళీ వెళ్ళి వరసలో నిలబడతారు. దాని పేరు ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్. అది ఒక రోలర్ కోస్టర్.

ఆటబండి గురించి గోడ పత్రికలో ఎందుకు రాస్తున్నావు అని అడగొచ్చు. రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి, మన 9వ తరగతి "పని – శక్తి" పాఠం మొత్తం ఆ బండిలోనే ఉంది. రెండోది, ఆ బండి చుట్టూ అల్లిన కథ కొండ మనుషుల కథ. అది మనకి బాగా తెలిసిన కథే. చివరిదాకా చదివితే మీకే అర్థం అవుద్ది.

రోలర్ కోస్టర్ అంటే ఏమిటి?

మన జాతరకి జెయింట్ వీల్ వస్తుంది కదా. దానికి మోటారు ఉంటుంది, అది తిప్పుతూనే ఉంటుంది. రోలర్ కోస్టర్ అలా కాదు. బండిని ఎత్తైన చోటికి తీసుకుపోయి వదిలేస్తారు. ఆ తరువాత భూమి ఆకర్షణే దాన్ని నడిపిస్తుంది. బండిలో ఇంజను ఉండదు. జారుడు బల్లకి ఇనుప పట్టాలు, చక్రాలు పెట్టినట్టు అనుకోండి.

ఈ ఆట మంచు దేశంలో మొదలైంది. రష్యాలో చలికాలం చెక్కలతో ఎత్తుగా కట్టి, మీద నీళ్ళు పోసి గడ్డ కట్టించి, దాని మీద జారేవారు. అమెరికాలో 1884లో లామార్కస్ థాంప్సన్ అనే ఆయన న్యూయార్కు పక్కన కోనీ ఐలాండ్‌లో చెక్క పట్టాల మీద ఒక బండి పెట్టాడు. అది గంటకి 6 మైళ్లు మాత్రమే పోయేది. అంటే మనం పరిగెత్తితే దాన్ని దాటేస్తాం. అయినా 5 సెంట్లు ఇచ్చి ఎక్కడానికి జనం ఎగబడ్డారు.

1959లో డిస్నీ కంపెనీ కాలిఫోర్నియాలోని తన పార్కులో మాటర్‌హార్న్ అని ఒక బండి పెట్టింది. స్విట్జర్లాండు సరిహద్దులో ఉన్న నిజమైన మాటర్‌హార్న్ కొండని చూసి, అలాంటి కొండనే చిన్నగా కట్టి, దాని లోపలి నుంచి బండిని పోనిచ్చారు. గుండ్రటి ఉక్కు గొట్టాలతో పట్టాలు వేసిన మొదటి రోలర్ కోస్టర్ అదే. మన ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్‌కి అది పెద్దక్క అన్నమాట.

థీమ్ అంటే ఏమిటి?

మామూలు పార్కులో ఆటలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. థీమ్ పార్కులో ప్రతి ఆటకి ఒక కథ ఉంటుంది. ఆ కథకి తగ్గట్టే గోడలు, చెట్లు, దీపాలు, పాటలు, పని చేసేవాళ్ల బట్టలు, అంగడిలో అమ్మే వస్తువులు అన్నీ ఉంటాయి. మన స్కూలు వార్షికోత్సవంలో నాటకం వేసినప్పుడు స్టేజీ మీద గుడిసె, బావి, చెట్టు పెడతాం కదా. అక్కడ చూసేవాళ్ళు కింద కూర్చుంటారు. థీమ్ పార్కులో చూసేవాళ్ళు కూడా స్టేజీ మీదే నడుస్తారు. అదే తేడా.

డిస్నీ కంపెనీ 1998 ఏప్రిల్ 22న ఫ్లోరిడాలో యానిమల్ కింగ్‌డమ్ అనే పార్కు తెరిచింది. అందులో నిజమైన జంతువులు ఉంటాయి. 1999లో ఆ పార్కులో ఆసియా అనే భాగం మొదలైంది. దానికోసం ఆనందపుర్ అనే ఒక రాజ్యాన్ని ఊహించారు. పేరు విన్నారా? మన ఊళ్ళ పేర్లలాగే ఉంది కదా. ఆనందం ఉన్న పురం. అలాంటి రాజ్యం మ్యాపులో ఎక్కడా లేదు. మన దేశం, నేపాల్, ఇంకా చుట్టుపక్కల దేశాల్లో చూసినవన్నీ కలిపి దాన్ని తయారు చేశారు.

ఆ ఆసియా భాగంలో ఒక పెద్ద రోలర్ కోస్టర్ కడతాం అని 2003లో ప్రకటించారు. మూడేళ్లు పట్టింది. 2006 ఏప్రిల్ 7న అధికారికంగా తెరిచారు. 10 కోట్ల డాలర్లు ఖర్చు అయ్యిందని చెబుతారు. ప్రపంచంలో అన్నిటికన్నా ఖరీదైన రోలర్ కోస్టర్ అని 2011 గిన్నిస్ పుస్తకంలో దీన్నే రాశారు.

దీన్ని నడిపించిన పెద్ద డిజైనర్ పేరు జో రోడ్. ఆయన ఎడమ చెవికి గుత్తులు గుత్తులుగా పోగులు వేలాడుతూ ఉంటాయి. తిరిగిన దేశాల్లో తెచ్చుకున్నవి. ఆయన ఫోటో చూస్తే మన ఊళ్ళో ముసలి తాతలు గుర్తొస్తారు.

కొండ ఎలా కట్టారు?

ఫ్లోరిడా అంతా చదును నేల. ఆ రాష్ట్రం మొత్తంలో ఎత్తైన సహజమైన దిబ్బ 105 మీటర్లే. మన ఏజెన్సీలో ఆ ఎత్తుని కొండ అనరు, గట్టు అంటారు. అలాంటి చోట మంచు కొండల వరస కట్టాలి.

కొండ ఎత్తు 199 అడుగుల పైన ఒక అర అడుగు. 200 ఎందుకు కాలేదు? అక్కడ 200 అడుగులు దాటిన కట్టడం ఉంటే విమానాల వాళ్లకి తెలియడానికి ఎర్ర దీపం పెట్టాల్సి వస్తుంది. హిమాలయం నెత్తిన ఎర్ర లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే ఇంక అది హిమాలయం ఎలా అవుద్ది? అందుకే అర అడుగు దగ్గర ఆపేశారు. 199 అడుగులంటే పెద్ద జీలుగు చెట్లు నాలుగు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత.

ఇంకో ఉపాయం చూడండి. మన కిటికీలోంచి చూస్తే దగ్గర ఉన్న మామిడి చెట్టు పెద్దగా, దూరం ఉన్న కొండ చిన్నగా కనబడుతుంది. కంటికి ఉన్న ఈ అలవాటునే వాళ్ళు వాడుకున్నారు. బండి వెళ్ళే పెద్ద కొండ నిజానికి ఎవరెస్టు కాదు. కథలో దాని పేరు నిషేధించిన కొండ, అంటే వెళ్ళకూడని కొండ. ఎవరెస్టు దాని పక్కన చిన్నగా కనబడే శిఖరం. చిన్నగా కట్టారు కాబట్టి చాలా దూరంగా ఉన్నట్టు అనిపిస్తుంది.

బయటికి ఒకటే కొండలా కనబడుతుంది గాని, లోపల మూడు వేరు వేరు కట్టడాలు ఉన్నాయి. ఒకటి కొండ. రెండోది బండి పట్టాలు. మూడోది లోపల నిలబడిన పెద్ద బొమ్మ. ఈ మూడూ ఒకదానికొకటి తగలవు. దేని పునాది దానిదే. ఎందుకు? బండి వేగంగా పోతే పట్టాలు అదురుతాయి. ఆ అదురు కొండకి పాకితే కొండ మీది సిమెంటు పగుళ్ళు వస్తుంది. రైలు వెళ్ళినప్పుడు పక్కన ఉన్న గోడ అదరడం అరకు లైను పక్క ఊళ్ళవాళ్ళకి తెలుసు.

కొండ పైభాగం రాయి కాదు. ముందుగా చిన్న నమూనా చేసి, కంప్యూటరుతో కొలతలు తీసి, ఉక్కు ఊచలు వంచి, సుమారు 3,000 ముక్కలుగా తయారు చేశారు. ఆ ముక్కల్ని చట్రానికి బిగించి, పైన సిమెంటు వేసి, అది ఆరకముందే రాతి పగుళ్ళు చెక్కారు. తరువాత 2,000 గ్యాలన్ల రంగు వేశారు. అంటే ఏడున్నర వేల లీటర్లు. కొండకి రంగు వెయ్యడం ఎప్పుడైనా విన్నామా?

వెళ్ళి చూసి, అడిగి, అప్పుడు కట్టారు

నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ భాగమే.

వాళ్ళు ఆఫీసులో కూర్చుని బొమ్మలు గీసేసి ఊరుకోలేదు. నేపాల్, టిబెట్, చైనా కొండల్లోకి వెళ్ళారు. ఇళ్ళు ఎలా కడతారు, గోడకి ఏ మట్టి పూస్తారు, కిటికీ చెక్క మీద ఏ చెక్కడాలు ఉంటాయి, గుడి దగ్గర ఏం కడతారు, అంగట్లో సామాను ఎలా పేరుస్తారు, ఇవన్నీ చూసి రాసుకున్నారు. 2005లో అయితే అడవుల్ని కాపాడే కన్జర్వేషన్ ఇంటర్నేషనల్ అనే సంస్థ శాస్త్రవేత్తలతో కలిసి మళ్ళీ చైనా, నేపాల్ కొండలకి వెళ్ళి అక్కడి జీవుల గురించి తెలుసుకున్నారు.

ఆసియా దేశాల్లో చేతితో చేసిన వస్తువులు 2,000కి పైగా తెచ్చి అక్కడ అమర్చారు. కొండ చుట్టూ 900 వెదురు మొక్కలు నాటారు. దాని కింద సెర్కా జోంగ్ అని ఒక ఊరు కట్టారు.

కొత్తగా కట్టిన ఊరు కొత్తగా కనబడకూడదు కదా. ఎన్నో ఏళ్ళు ఎండకి ఎండి వానకి తడిసినట్టు ఉండాలి. అందుకని మంట గొట్టంతో చెక్కని కాల్చారు, రంపంతో గీతలు పెట్టారు, సుత్తితో కొట్టి సొట్టలు పెట్టారు. మన అమ్మవాళ్ళు కొత్త ఇల్లు కట్టాక పేడతో, ఎర్రమట్టితో అలికి నున్నగా చేస్తారు. వాళ్ళేమో లక్షలు పోసి కొత్త గోడని పాత గోడ చేశారు! మొదట నాకు నవ్వొచ్చింది. తరువాత ఆలోచిస్తే అర్థమైంది. ఒక చోట మనుషులు బతికారు అని చెప్పేవి ఆ గీతలు, సొట్టలే. మన ఇంట్లో రోలు అంచు అరిగి ఉంటుంది. గుమ్మం మీద అందరి చేతులు తగిలి నలుపు ఎక్కి ఉంటుంది. ఆ అరుగుదల చూసే ఇది ఒక కుటుంబం ఇల్లు అని తెలుస్తుంది.

ఆ బండి కథ ఏమిటి?

కథ ఇది. పూర్వం ఆనందపుర్‌లో ఒక టీ కంపెనీ ఉండేది. వాళ్ళు కొండ మీద తేయాకు తోటలు వేశారు. ఆకుని దించడానికి కొండ లోంచి రైలు పట్టాలు వేశారు. అక్కడి కొండ మనుషులు, ఆ కొండకి కాపలా ఉంది, పోవద్దు అన్నారు. కంపెనీ వినలేదు. ఆ తరువాత ప్రమాదాలు మొదలయ్యాయి. కంపెనీ మూతబడింది, రైలు తుప్పు పట్టింది. చాలా ఏళ్ళ తరువాత ఇద్దరు మనుషులు ఆ పాత రైలు బాగు చేసి, ఎవరెస్టుకి అడ్డదారిన తీసుకుపోతాం అని టూరిస్టులకి టికెట్లు అమ్ముతున్నారు. మనం ఆ టూరిస్టులం.

ఈ కథని ఎవరూ మైకులో చెప్పరు. వరసలో నిలబడి నడుస్తుంటే మనకే తెలుస్తుంది. ముందు టికెట్ల ఆఫీసు, దాని గోడల మీద పాత ఫోటోలు. తరువాత యెతి బొమ్మ ఉన్న గుడి. తరువాత కొండెక్కేవాళ్ళ సామాన్ల అంగడి. తరువాత పాత టీ గోదాములో ఒక మ్యూజియం. ఆ మ్యూజియంలో యెతి గురించి కొండ మనుషులు చెప్పినవన్నీ ఉంటాయి. కొండ జోలికి పోవద్దని హెచ్చరిక కూడా ఉంటుంది. అది చదివి కూడా జనం బండి ఎక్కుతారు. కంపెనీ వినలేదు, మనమూ వినలేదు. అలా చూసేవాళ్ళు కూడా కథలో పాత్ర అయిపోతారు.

యెతి అంటే హిమాలయాల మంచులో తిరుగుతుంది అని చెప్పుకునే పెద్ద రోమాల జీవి. 1951లో ఎరిక్ షిప్టన్ అనే పర్వతారోహకుడు మంచులో పెద్ద అడుగుల ఫోటో తీశాక లోకమంతా దాని పేరు మోగింది. 2017లో శాస్త్రవేత్తలు యెతివి అని దాచిన ఎముక, రోమం, చర్మం లాంటి 9 నమూనాలు పరీక్ష చేస్తే 8 ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది అని తేలింది. కాబట్టి సైన్సు ప్రకారం యెతి లేదు. కానీ ఈ బండి కథలో యెతి దయ్యం కాదు. అది అడవిని, కొండని కాపాడే కాపలాదారు.

బండి ఎలా వెళ్తుంది? మన పాఠం అక్కడ ఎలా ఉంది?

బండి చూడటానికి పాత ఆవిరి రైలులాగ ఉంటుంది గాని లోపల ఇంజను లేదు. ఒక్కో బండిలో 34 మంది కూర్చోవచ్చు. 44 అంగుళాలు ఎత్తు లేని పిల్లల్ని ఎక్కనివ్వరు. పట్టాల పొడవు 4,424 అడుగులు. అంటే దాదాపు 1,350 మీటర్లు. పట్టాలు, బండి చేసింది నెదర్లాండ్స్ దేశపు వెకోమా కంపెనీ.

మొదట చైను బండిని మెల్లగా పైకి లాగుతుంది. ఇక్కడ పని జరుగుతుంది. ఆ పని అంతా బండిలో స్థితిశక్తిగా దాగుతుంది. కొండ పైకి చేరేసరికి ఎదురుగా పట్టాలు మెలికలు తిరిగి, పీకేసి ఉంటాయి. యెతి పీకేసింది! బండి ఆగిపోతుంది. ముందుకి దారి లేదు.

ఇక్కడ ఒక ఇంజనీరింగు ఉపాయం ఉంది. బండి ఆగి అందరూ ముందుకి చూస్తూ ఉండగా, వెనక ఉన్న పట్టా ముక్క తిరగబడుతుంది. ఆ ముక్కకి రెండు వైపులా పట్టాలు ఉంటాయి. ఒకవైపు మనం వచ్చిన దారికి కలుస్తుంది. తిప్పితే రెండో వైపు ఇంకో దారికి కలుస్తుంది. కొన్ని సెకన్లలో మార్చేస్తారు. అప్పుడు బండి వెనక్కి, చీకటి సొరంగంలోకి జారిపోతుంది. వెనక ఏముందో కనబడదు. ఒక గుహలో మళ్ళీ ఆగుతుంది. గోడ మీద యెతి నీడ పట్టాలు పీకుతూ కనబడుతుంది. మళ్ళీ పట్టా మారుతుంది, బండి ముందుకి దూకి, కొండ బయటికి 80 అడుగుల కిందికి పడుతుంది.

ఇప్పుడు లెక్క చేద్దాం. నోటు పుస్తకం తియ్యండి.

పైన ఉన్న స్థితిశక్తి = ద్రవ్యరాశి × 9.8 × ఎత్తు.
కింద ఉన్న గతిశక్తి = సగం × ద్రవ్యరాశి × వేగం వర్గం.

పైన ఉన్నదే కింద ఇలా మారింది కాబట్టి రెండూ సమానం. రెండు వైపులా ద్రవ్యరాశి ఉంది, కొట్టేయండి. మిగిలేది ఇది.

వేగం వర్గం = 2 × 9.8 × ఎత్తు.

80 అడుగులు అంటే సుమారు 24.4 మీటర్లు. 2 × 9.8 × 24.4 చేస్తే దాదాపు 478. దాని వర్గమూలం సుమారు 21.9. అంటే సెకనుకి 21.9 మీటర్లు. దాన్ని 3.6తో గుణిస్తే గంటకి దాదాపు 79 కిలోమీటర్లు. ఆ బండి ఎక్కువలో ఎక్కువ వేగం ఎంత అని పార్కు వాళ్ళు చెబుతారో తెలుసా? గంటకి 50 మైళ్లు. అంటే 80 కిలోమీటర్లు! మన పాఠంలో లెక్క అమెరికా బండికి కూడా సరిపోయింది. నిజం బండికి గాలి, రాపిడి అడ్డం పడతాయి. దూకేముందు కొంచెం వేగం కూడా ఉంటుంది. అందుకే మన జవాబు దగ్గరగా వస్తుంది గాని అచ్చం ఒకటే అవ్వదు.

ఇంకో సంగతి. ద్రవ్యరాశి కొట్టేశాం కదా. అంటే బండిలో లావుగా ఉన్నవాళ్ళు కూర్చున్నా, సన్నగా ఉన్నవాళ్ళు కూర్చున్నా లెక్కలో వేగం ఒకటే.

దూకేటప్పుడు కడుపులో ఏదో తేలిపోయినట్టు ఉంటుంది. ఘాట్ రోడ్డులో జీపు ఎత్తు ఎక్కి గబుక్కున దిగినప్పుడు మనకీ అలాగే అవుద్ది. ఆ సమయంలో సీటు మనల్ని పైకి నెట్టడం తగ్గిపోతుంది, అందుకే బరువు తగ్గినట్టు ఉంటుంది.

చిన్న ప్రశ్న: 10 మీటర్ల ఎత్తు నుంచి నున్నటి జారుడు బల్ల మీద ఒక పెట్టె వదిలితే, రాపిడి లేదనుకుంటే, కిందికి ఎంత వేగంతో వస్తుంది? జవాబు రాసి పత్రిక పెట్టెలో వెయ్యండి.

కదలని కాపలాదారు

కొండ లోపల మూడో కట్టడం ఒక బొమ్మ అని చెప్పాను కదా. అదే యెతి. 25 అడుగుల ఎత్తు. బండి చివర్లో దాని పక్కనుంచి పోతుంది. అది చెయ్యి చాచి జనం మీదికి వంగేలా చేశారు. లోపల ఇనుప చట్రం, యంత్రాలు. అప్పటికి డిస్నీ వాళ్ళు చేసిన కదిలే బొమ్మలన్నిటిలో అదే పెద్దది.

కానీ తెరిచిన కొన్ని నెలలకే ఆ కదలిక ఆపేయాల్సి వచ్చింది. అంత పెద్ద బరువు ఊగుతుంటే దాన్ని మోసే కట్టడం తట్టుకోలేదని చెబుతారు. కొండ మధ్యలో ఉంది కాబట్టి బాగు చెయ్యాలంటే కొండనే విప్పాలి. ఆ తరువాత ఏళ్ల తరబడి యెతి కదలకుండానే నిలబడింది. కదిలినట్టు కనబడటానికి దాని మీద లైటు టపటపా ఆరిపోయి వెలిగేలా పెట్టారు. నాట్యం చేసినట్టు ఉందని జనం దానికి డిస్కో యెతి అని పేరు పెట్టేశారు. జో రోడ్ దాన్ని బాగు చేయిస్తానని అన్నాడు గాని, 2021లో ఆయన ఉద్యోగం నుంచి దిగిపోయే నాటికి కూడా అది కదలలేదు.

దీని నుంచి ఇంజనీరు అవ్వాలనుకునే అక్కలు నేర్చుకోవలసింది ఒకటి ఉంది. ఏదైనా కట్టేటప్పుడు ఇది పాడైతే చెయ్యి ఎలా పెట్టి బాగు చేస్తాం అని ముందే ఆలోచించాలి. బోరు వేసేటప్పుడు మెకానిక్కు చెయ్యి పట్టే చోటు లేకపోతే ఎంత కష్టమో మన ఊళ్ళో చూస్తూనే ఉంటాం.

మన కొండ సంగతి

ఇప్పుడు మొదట చెప్పిన రెండో కారణం.

ఆ బండి కథలో ఉన్న మాట ఒక్కటే. కొండకి ఒక కాపలా ఉంది, అడగకుండా పోవద్దు. ఈ మాట మన పెద్దోళ్ళు చెప్పరా? మా వైపు కొండకి జాకర దేవత ఉంటుంది. అక్కడి చెట్టు మీద గొడ్డలి వెయ్యరు. కొత్తల పండగ చెయ్యకుండా కొత్త పంట తినరు, కొత్త మామిడికాయ కొరకరు. మామిడి టెంక గట్టిపడేదాకా కాయ చెట్టు మీదే ఉంటే విత్తనం నిలుస్తుంది కదా. దేవత పేరుతో చెప్పినా అందులో అడవి లెక్క ఉంది. నేపాల్‌లో కూడా మచ్ఛపుచ్ఛ్రే అనే కొండని పవిత్రం అని ఎవరినీ ఎక్కనివ్వరు. అది కథలో కొండ కాదు, నిజం కొండ.

మన పక్క ఒడిశాలో నియమగిరి ఉంది. అక్కడ డోంగ్రియా కోందులు ఉంటారు. ఆ కొండకి నియమరాజు కాపలా అని నమ్ముతారు. ఒక గనుల కంపెనీ ఆ కొండ మీద బాక్సైటు తవ్వుతాం అంది. 2013 ఏప్రిల్ 18న సుప్రీం కోర్టు, ఆ ఊళ్ళ గ్రామసభలనే అడగండి అని చెప్పింది. ఆ సంవత్సరమే 12 ఊళ్ళలో సభలు పెట్టారు. 12 ఊళ్ళూ వద్దు అన్నాయి. 2014 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఆ గనికి అనుమతి లేదని చెప్పేసింది.

బండి కథలో కొండని కాపాడటానికి 25 అడుగుల బొమ్మ కావాల్సి వచ్చింది, అది కూడా పాడైపోయింది. నియమగిరిలో కాపాడింది సభలో లేచి నిలబడిన మనుషులు. వాళ్ళు తమ కొండ గురించి చెప్పగలిగారు. ఏ చోట ఏ దేవత, ఏ వాగు ఎక్కడ పుట్టింది, ఏ చెట్టు దేనికి, ఇవన్నీ వాళ్లకి తెలుసు కాబట్టే చెప్పారు.

మన ఊళ్ళో అలాంటి సభ పెడితే ఎవరు చెబుతారు? మా అవ్వకి తెలుసు. కానీ ఆవిడకి రాయడం రాదు. నాకు రాయడం వచ్చు. కానీ నేను ఏడాదిలో పది నెలలు హాస్టల్లో ఉంటాను. అవ్వకి తెలిసిన వాగుల పేర్లు సగం కూడా నాకు తెలియవు. మీలో చాలామందిది ఇదే పరిస్థితి అని నాకు తెలుసు. ఎక్కడో అమెరికా వాళ్ళు ఒక ఆటబండి కోసం సముద్రాలు దాటి వచ్చి కొండ మనుషుల గోడల్ని, గుమ్మాల్ని చూసి రాసుకున్నారు. మన సొంత గుమ్మం గురించి రాసుకోవడానికి మనం సముద్రం దాటక్కర్లేదు. సెలవులకి ఇంటికి పోతే చాలు.

అందుకని ఒక మనవి. ఈ సెలవులకి వెళ్ళినప్పుడు ఒక్కొక్కరు ఒక్క కొండ గురించి అడిగి రండి. దాని పేరు ఏమిటి, ఆ పేరు ఎందుకు వచ్చింది, దాని మీద ఏ చోట చెట్టు కొట్టకూడదు, ఎందుకు కొట్టకూడదు అంటారు, ఏ వాగు అక్కడ పుడుతుంది. మన భాషలో ఏ మాట చెప్పారో ఆ మాటే తెలుగు అక్షరాల్లో రాయండి. అరపేజీ చాలు. వార్డెన్ మేడం ఒప్పుకుంటే వచ్చే సంచికలో గోడ మొత్తం మన కొండల పేర్లే పెడదాం. ఒక అట్ట మీద మ్యాపు గీసి, ఎవరి ఊరి కొండ దగ్గర వాళ్ళ కాగితం అంటిద్దాం.

గీసేటప్పుడు ఎర్ర సిరా, ఆకుపచ్చ సిరా నేను తెస్తాను. కొండకి రంగు వెయ్యడం మనకీ వచ్చు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని